ఓటు వేయనివాళ్ళ లీడరు

గరుడవలస హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదివే జయచంద్ర తెలివైనవాడే, మాటకారే, కానీ తన మాట కాదన్నవాళ్ళని ఓర్చుకునే గుణం మాత్రం వాడికి లేదు. క్రికెట్‌లో ఔటయ్యావని ఎవరైనా అంటే బ్యాటు చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయేవాడు. లెక్క తప్పు చేశావని పక్కవాడు చూపిస్తే, లెక్క దిద్దుకునేవాడు, వాడితో మాట్లాడడం మానేసేవాడు.

ఆ బడిలో కూర్మారావు మాస్టారు సాంఘిక శాస్త్రం చెప్పేవారు. పాఠం పుస్తకంలోనే ఉండిపోకూడదని ఆయన తాపత్రయం. ప్రజాస్వామ్యం పాఠం వచ్చిన రోజున ఆయన పుస్తకం మూసి బల్ల మీద పెట్టారు.

"ఏటా క్లాసు లీడర్ని నేనే పెడుతున్నాను. ఈసారి మీరే ఎన్నుకోండి," అన్నారు.

క్లాసంతా ఒక్కసారి గోలగోలగా మారిపోయింది. జయచంద్ర పోటీకి నిలబడ్డాడు. వాడికి పోటీగా రోహిణి నిలబడింది. రోహిణి పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. కానీ మాట్లాడితే తడబడేది కాదు.

ప్రచారం జోరుగా సాగింది. "నేను గెలిస్తే రోజూ ఆటల పీరియడ్ పెట్టిస్తాను," అన్నాడు జయచంద్ర. ఈలలు మోగాయి. "నేను అలాంటివేమీ తేలేను. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా మాస్టార్ల దగ్గరికి తీసుకెళ్ళి చెప్తాను," అంది రోహిణి. ఈలలు మోగలేదు. కానీ కొందరు తలలూపారు.

ఓట్లు చాక్‌పీసుల డబ్బాలో పడ్డాయి. మాస్టారు లెక్కపెట్టి, జయచంద్ర గెలిచాడని చెప్పారు. తేడా కొద్ది ఓట్లే. స్నేహితులు వాణ్ణి భుజాల మీదకి ఎత్తుకున్నారు. వాడు అక్కణ్ణించి క్లాసునంతా చూశాడు. చప్పట్లు కొట్టేవాళ్ళ మీద వాడి చూపు నిలవలేదు. కొట్టనివాళ్ళు ఎవరా అని వెతికాడు. "ఇంతమంది నన్ను వద్దనుకున్నారా?" అన్న మాట వాడి మనసులో ముల్లులా దిగబడింది.

ఇంతలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. బడిలో సగంమంది మాస్టార్లకి ఎన్నికల డ్యూటీ పడింది. ఉన్న కొద్దిమందికీ మిగతా క్లాసులతోనే సరిపోయింది. కూర్మారావు మాస్టారు కూడా బయలుదేరుతూ క్లాసుకి వచ్చారు.

"జయచంద్రా, నేను తిరిగొచ్చేదాకా క్లాసు నీ బాధ్యత. గోల లేకుండా చూసుకో. ఒరేయ్, అందరూ లీడరు మాట వినండి," అని చెప్పి, బస్సు టైమవుతోందని గబగబా వెళ్ళిపోయారు.

ఆయన గేటు దాటగానే జయచంద్ర లేచి బల్ల ముందు నిలబడ్డాడు. తన వైపు వాళ్ళనుకున్న వాళ్ళందరినీ ఫ్యాను కింద కూర్చోమన్నాడు. మిగిలినవాళ్ళని వెనక్కి, చూరు నుంచి వాన కారే మూలకి పంపాడు.

"నన్ను అడక్కుండా ఎవరూ లేవకూడదు. మాట్లాడకూడదు. నీళ్ళకైనా, బయటికైనా నేను పంపితేనే వెళ్ళాలి," అన్నాడు.

రోహిణి లేచింది. "ఈ రూల్సు ఎవరు పెట్టారు? అందర్నీ అడగాలి కదా?"

"అడిగారు కదా. ఓట్లు వేశారు, నేను గెలిచాను. ఇంకా అడిగేదేముంది?"

"నీకు ఓటు వెయ్యనివాళ్ళం కూడా ఈ క్లాసులోనే ఉన్నాం కదా?"

"ఉన్నారు. అందుకే నా మాట మీరూ వినాలి. ప్రశ్న అడిగినందుకు పీరియడ్ అయ్యేదాకా అలాగే నిలబడు."

ముందు బెంచీల వాళ్ళు ఘొల్లున నవ్వారు. రోహిణి నిలబడింది. ఆ మర్నాడు మరొకడు ప్రశ్నించాడు. వాడూ నిలబడ్డాడు. ఆ తర్వాత ప్రశ్నించేవాళ్ళే లేకపోయారు. ముందు బెంచీలో కూర్చునే ఈశ్వర్ ఒకసారి నవ్వకూడని చోట నవ్వాడు. జయచంద్ర వాడి సంచీ తీసి వెనక మూలకి విసిరాడు. ఈశ్వర్ వాడి ప్రాణస్నేహితుడు. ప్రచారంలో గొంతు బొంగురుపోయేలా అరిచింది వాడే. వాడికే ఆ గతి పట్టిందంటే మనమెంత అనుకున్నారు మిగిలినవాళ్ళు. అప్పట్నుంచి ముందు బెంచీల్లో కూడా నవ్వులు ఆగిపోయాయి.

పక్క క్లాసుకి హిందీ చెప్పే సరోజినమ్మ టీచరు ఆ దారిన వెళుతూ గుమ్మంలో ఆగారు. క్లాసంతా తలలు దించుకుని కూర్చుని ఉంది. సూది పడితే వినిపించేలా ఉంది.

"భేష్ జయచంద్రా! ఎనిమిదో తరగతి ఇంత బుద్ధిగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు," అన్నారామె.

జయచంద్ర ఛాతీ ఉప్పొంగింది. ఆ నిశ్శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో టీచరు అడగలేదు.

ఆ క్లాసులోనే సింహాచలం అనే కుర్రాడు ఉండేవాడు. సన్నగా, రివటలా ఉండేవాడు. వాడికి చిన్నప్పటి నుంచీ షుగరు జబ్బు. రోజూ పొద్దున్నే వాళ్ళమ్మ ఇన్సులిన్ సూది పొడిచి బడికి పంపేది. సూది పడ్డాక వేళకి తినకపోతే వాడి ఒంట్లో చక్కెర పడిపోతుంది, ఒళ్ళు వణుకుతుంది. అప్పటికప్పుడు నోట్లో వేసుకోవడానికి చిన్న డబ్బాలో గ్లూకోజు పొడి వాడి సంచీలో ఎప్పుడూ ఉండేది. ఈ సంగతి బడిలో మాస్టార్లకి తెలుసు. పిల్లల్లో మాత్రం వాళ్ళ వీధిలోనే ఉండే రోహిణికి ఒక్కదానికే తెలుసు. "ముసలాళ్ళ రోగం అని ఏడిపిస్తారు, ఎవరికీ చెప్పకే," అని వాడు ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఒకరోజు పొద్దున రెండో పీరియడ్‌లో సింహాచలం తల వంచుకుని డబ్బాలోంచి కాస్త పొడి నోట్లో వేసుకున్నాడు. జయచంద్ర చూశాడు.

"క్లాసులో తిండేంట్రా?" అంటూ వచ్చి డబ్బా లాక్కున్నాడు.

సింహాచలం మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయాడు. అందరి కళ్ళూ తన మీదే ఉండడం చూసి నోరు మూసుకున్నాడు.

రోహిణి లేచింది. "జయా, అది తిండి కాదు. వాడికి అది..."

"నిన్నెవరడిగారు? ఇంకో మాట అన్నావంటే మీ ఇద్దర్నీ సాయంత్రం దాకా ఎండలో నిలబెడతాను."

రోహిణి సింహాచలం వైపు చూసింది. చెప్పొద్దన్నట్టు వాడు తల అడ్డంగా ఊపాడు. ఆమె కూర్చుంది. జయచంద్ర డబ్బా తీసుకెళ్ళి మాస్టారి బల్ల సొరుగులో పడేశాడు.

ఆ రోజు మధ్యాహ్న భోజనం ఆలస్యమైంది. గ్యాసు అయిపోయి, వంటమ్మ కట్టెలు పేర్చి పొయ్యి రాజేస్తోంది. తడిసిన కట్టెలు పొగ తప్ప మంట ఇవ్వడం లేదు. అన్నం వేళ దాటిపోయినా బెల్లు మోగలేదు. మిగతా క్లాసుల పిల్లలు వరండాలోకి వచ్చి వంటింటి వైపు చూస్తున్నారు. ఎనిమిదో తరగతి వాళ్ళు మాత్రం కదల్లేదు.

"బెల్లు కొట్టేదాకా అందరూ పాఠం రాయండి," అన్నాడు జయచంద్ర.

సింహాచలం నుదుట చెమట పట్టింది. ఫ్యాను అందని మూల కాబట్టి పక్కవాళ్ళు పట్టించుకోలేదు. కాసేపటికి వాడి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వేళ్ళు వణికి అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. వాడు చెయ్యెత్తాడు.

జయచంద్ర చూశాడు. చూసి మొహం తిప్పుకున్నాడు.

వాడి చెయ్యి కాసేపు గాల్లో ఊగి, తనంతట తనే కిందికి వాలింది. తల బెంచీ మీద ఆనింది.

"సింహాచలం! నిద్రా? లే, నిలబడు!"

వాడు బెంచీ పట్టుకుని లేచాడు. కళ్ళు ఎటో చూస్తున్నాయి. "అమ్మా... బస్సు... వెళ్ళిపోద్ది," అన్నాడు ముద్దముద్దగా. ఎవరో కిసుక్కున నవ్వారు. జయచంద్ర చెవులు ఎర్రబడ్డాయి. తనని చూసే నవ్వారనుకున్నాడు.

"వేషాలేస్తున్నావా? నేనెవరనుకుంటున్నావు?"

సింహాచలం గాలికి ఊగే గడకర్రలా అటూ ఇటూ ఊగాడు. పక్కన కూర్చున్న ఈశ్వర్ వాడి చేతులు వణకడం చూశాడు. ఇది వేషం కాదని వాడికి అర్థమైంది. అయినా తల దించుకుని పుస్తకంలోకి చూశాడు. వాడి ముందున్నవాడూ చూశాడు. వాడూ తల దించుకున్నాడు. క్లాసంతటికీ ఏదో జరుగుతోందని తెలుస్తోంది. లేస్తే ఏమవుతుందో కూడా తెలుసు.

రోహిణికి ఒట్టు ఒక పక్క, భయం ఒక పక్క. సింహాచలం పెదాలు తెల్లబడడం చూశాక ఆమెకి రెండూ గుర్తు లేవు.

"వాడికి షుగరు జబ్బు! ఆ డబ్బా వాడి మందు! ఇచ్చెయ్!" అని అరుస్తూ లేచింది.

"కూర్చో!" అన్నాడు జయచంద్ర. ఆ మాట వాడి నోటికి అలవాటైపోయింది.

రోహిణి కూర్చోలేదు. బెంచీలు దాటుకుని ముందుకి వచ్చింది. జయచంద్ర చెయ్యి అడ్డం పెట్టాడు. సరిగ్గా అప్పుడే వెనక దబ్బున చప్పుడైంది. సింహాచలం బెంచీతో సహా పక్కకి ఒరిగిపోయాడు.

జయచంద్ర చెయ్యి దిగిపోయింది. రోహిణి సొరుగు లాగి డబ్బా తీసుకుని పరిగెత్తింది. ఈశ్వర్ సింహాచలం తల పైకెత్తి పట్టుకున్నాడు. మరొకడు సరోజినమ్మ టీచరు కోసం వరండాలోకి దూకాడు. సింహాచలం కళ్ళు సగం మూతపడ్డాయి, కానీ ఇంకా స్పృహ ఉంది. రోహిణి వేలికి పొడి అద్ది వాడి దవడ లోపల రాసింది.

"మింగురా, మింగు. నన్ను చూడు. సింహాచలం, ఇటు చూడరా!"

వాడి గొంతు కదిలింది. ఆమె మళ్ళీ రాసింది. మళ్ళీ కదిలింది.

హెడ్మాస్టరు గారు, సరోజినమ్మ టీచరు వచ్చి వాణ్ణి ఆటోలో ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళారు. జయచంద్రని ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ పిలవలేదు కూడా. వాడు ఆటో వెనకే పరిగెత్తాడు.

డాక్టరమ్మ చాలాసేపటికి బయటికి వచ్చింది. "ఇప్పుడు ఫరవాలేదు. సమయానికి గ్లూకోజు పడింది కాబట్టి సరిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం మీదకి వచ్చేది," అంది. ఆ మాట విని సరోజినమ్మ టీచరు గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఆ క్లాసు నిశ్శబ్దాన్ని మెచ్చుకున్నది తనేనని ఆమెకి గుర్తొచ్చి ఉంటుంది.

సింహాచలం వాళ్ళమ్మ తను పనిచేసే జీడిపిక్కలు కాల్చే బట్టీ నుంచి పరుగున వచ్చింది. చేతులకి జీడి మరకలు అలాగే ఉన్నాయి. గుమ్మంలో నిలబడ్డ జయచంద్రని చూసి, వాడూ తన కొడుకు స్నేహితుడే అనుకుంది.

"ఏటి బాబూ, ఒంట్లో బాగులేదని మావోడు ఎవరికీ చెప్పనేదా?" అని అడిగింది.

చెప్పనిచ్చావా అని ఆమె అడగలేదు. జయచంద్రకి మాత్రం ఆ ప్రశ్నే వినిపించింది.

ఎన్నికల డ్యూటీ ముగించుకుని కూర్మారావు మాస్టారు తిరిగొచ్చారు. క్లాసులో అడుగుపెట్టగానే ఇన్నాళ్ళూ అణిగి ఉన్న గొంతులన్నీ ఒక్కసారి లేచాయి.

"వాణ్ణి లీడరుగా తీసెయ్యండి మాస్టారూ!"

"ఏడాదంతా వరండాలో కూర్చోబెట్టండి!"

"ఎవరూ వాడితో మాట్లాడకూడదని రూలు పెట్టండి! చేతులెత్తి ఓటు వేస్తాం!"

అప్పటికప్పుడు చేతులు లేచాయి. వెనక మూల వాళ్ళవి లేచాయి. అందరికంటే ఎత్తుగా, మొన్నటిదాకా వాడి మాటకల్లా నవ్విన ముందు బెంచీల వాళ్ళవి లేచాయి. జయచంద్ర తల ఎత్తలేదు. మాస్టారి మొహం కోపంతో ఎర్రబడి ఉంది. విషయమంతా ఆయన హెడ్మాస్టరు గారి దగ్గర విని వచ్చారు.

"జయచంద్రా! లే! బయటికి..."

"మాస్టారూ, ఒక్క మాట," అంది రోహిణి. "ముందు వాడు చెప్పేది విందాం."

క్లాసు భగ్గుమంది. "నీ మాట వాడు విన్నాడా?" అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

"వినలేదు. అందుకే సింహాచలం పడిపోయాడు," అంది రోహిణి. "ఇప్పుడు మనం కూడా వాడి మాట వినకుండానే శిక్ష వేస్తే, వాడు చేసిందే మనమూ చేసినట్టు కాదా? వాడు ఒక్కడే చేశాడు, మనం ఇంతమంది కలిసి చేస్తాం. అంతే తేడా."

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. జయచంద్ర వైపు తిరిగి, "చెప్పరా," అన్నారు.

జయచంద్ర లేచాడు. "నాకు కొద్ది ఓట్లే ఎక్కువొచ్చాయి మాస్టారూ. నన్ను వద్దనుకున్నవాళ్ళు ఇంతమంది ఉన్నారని భయమేసింది. వాళ్ళని మాట్లాడనిస్తే నా మాట ఎవరూ వినరనుకున్నాను." వాడు తల ఎత్తాడు. "సింహాచలం చెయ్యెత్తాడు. నేను చూశాను. చూసే మొహం తిప్పుకున్నాను."

అదొక్కటీ వాడు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

కిటికీ పక్కన కూర్చున్న సింహాచలం అప్పుడు లేచాడు. వాడు ఇంకా నీరసంగానే ఉన్నాడు.

"నాకు షుగరు జబ్బు ఉంది. దాన్ని దాచుకోవడం నా తప్పు," అన్నాడు. "కానీ నేను నిలబడి ఊగుతుంటే మీరందరూ చూశారు. జయచంద్ర ఒక్కడే కదా. మీరు ఇంతమంది ఉన్నారు. రోహిణి తప్ప ఒక్కళ్ళూ లేవలేదేం?"

ఈశ్వర్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

కూర్మారావు మాస్టారు లేచి నిలబడ్డారు. "వాడు అడిగింది నన్ను కూడా," అన్నారు. "లీడర్ని ఎన్నుకోవడం మీకు నేర్పాను. ఆ లీడర్ని ప్రశ్నించడం నేర్పలేదు. పైగా అందరూ వాడి మాట వినండి అని చెప్పి వెళ్ళాను, అందరి మాటా వినమని వాడికి చెప్పలేదు. పాఠంలో సగమే చెప్పాను. సగం పాఠం ఎంత ప్రమాదమో చూశాం."

ఆ రోజు క్లాసు మళ్ళీ ఓటు వేసింది, చేతులెత్తి కాదు, ఎవరి ఓటు ఎవరికీ కనిపించకుండా. జయచంద్రని లీడరుగా తొలగించారు. వరండాలో కూర్చోబెట్టాలన్న మాట, ఎవరూ వాడితో మాట్లాడకూడదన్న మాట మాత్రం ఓటు దాకా రాలేదు. వాటిని కోరినవాళ్ళే వెనక్కి తీసుకున్నారు. దాహం వేసినప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదని, లీడర్ని ఎవరైనా ఎప్పుడైనా ప్రశ్నించవచ్చని అందరూ కలిసి ఒప్పుకున్నారు. కొత్త లీడరుగా రోహిణి గెలిచింది.

జయచంద్ర వెళ్ళి సింహాచలం పక్కన నిలబడ్డాడు. సింహాచలం కాస్త జరిగి బెంచీ మీద చోటిచ్చాడు.

మర్నాడు రోహిణి క్లాసు ముందుకి వచ్చి, గది తుడిచే వంతుల గురించి చెప్పింది. "బడి మొదలవడానికి ముందే వచ్చి తుడవాలి. అందరికీ ఒకటే రూలు. ఎవరికైనా అభ్యంతరమా?"

వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. అది జయచంద్రది.

"కొండవైపు ఊళ్ళ నుంచి బస్సులో వచ్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ బస్సు బెల్లు కొట్టే వేళకి గాని రాదు. వాళ్ళకి ఈ రూలు అన్యాయం," అన్నాడు వాడు.

రోహిణి మొహంలోకి ఒక్కసారిగా వేడి పాకింది. నిన్నటిదాకా మా నోళ్ళు నొక్కినవాడు ఈ రోజు నాకు న్యాయం చెబుతాడా అనిపించింది. క్లాసంతా ఆమెనే చూస్తోంది. ఒక్క కసురు చాలు, వాడు నోరు మూసుకుంటాడు. ఆ కసురుకి క్లాసు చప్పట్లు కూడా కొడుతుంది. ఆ సంగతి ఆమెకి తెలుస్తూనే ఉంది. నాలుక చివరి దాకా వచ్చిన మాటని ఆమె కష్టం మీద మింగేసింది.

"నిజమే, నేను ఆలోచించలేదు," అంది. "అయితే ఎలా చేద్దామో నువ్వే చెప్పు."

గుమ్మం బయట నిలబడి వింటున్న కూర్మారావు మాస్టారు లోపలికి రాకుండా నెమ్మదిగా వెనక్కి తిరిగారు.

గెలిచినవాడు తనకు ఓటు వేయనివాళ్ళకి కూడా నాయకుడే. ఎదుటివాడి నోరు మూయించే హక్కు ఎన్ని ఓట్లు వచ్చినా ఎవరికీ రాదు.